మా వారు ఇరుసు విప్పిన వారం

మా వారికి బండి నడపడం వచ్చు. బండి బాగుచేయడం కూడా వచ్చని ఆయన అనుకునేవారు. ఈ రెంటికీ తేడా ఉందని నాకు పెళ్ళయిన తొమ్మిదో ఏట, నాంపల్లిలో మా వాకిట్లో తెలిసింది.

మేం కృష్ణా జిల్లా నుంచి హైదరాబాదు వచ్చింది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, పెళ్ళయిన కొత్తలోనే. ఆబిడ్స్‌లో చిన్న దుకాణం పెట్టుకున్నాం. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కుర్చీలు, షామియానాలు, వంట గిన్నెలు కిరాయికిచ్చే దుకాణం. సామాను తోలడానికి మా వారు వేలంలో ఒక పాత పికప్ బండి కొన్నారు. దాని వయసెంతో అమ్మినవాళ్ళకే తెలియదు. గీతలు పడ్డచోట చూస్తే పైన నీలం, దాని కింద ఆకుపచ్చ, ఇంకా కింద మరేదో రంగు కనబడేది. బ్రేకుల సంగతి చెప్పనక్కర్లేదు. ఆబిడ్స్‌లో ఆగాలంటే బషీర్‌బాగ్‌లోనే తొక్కడం మొదలుపెట్టాలి.

ఇల్లు నాంపల్లి స్టేషను వెనక సందులో. ముందు వాటాలో ఇల్లుగలాయన ఉండేవారు. తాతల నాటి నుంచీ హైదరాబాదే. గౌలిగూడలో బస్సులు బాగుచేసే షెడ్డులో పాతికేళ్ళు పనిచేసి మానేసిన మనిషి. మేం దిగిన రోజే నన్ను "చెల్లె" అని పిలిచారు. నేను అన్నయ్యా అన్నాను. దాంతో మా వారు ఆయనకి బావ అయిపోయారు. బావ అయ్యాక ఆటపట్టించడానికి ఇక ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

మా వారికి ఆ వరస నచ్చింది గాని, ఆయన మాట నచ్చలేదు. "గీడ ఏవిటే, గాడ ఏవిటే? అదేం తెలుగు?" అని లోపలికొచ్చి నాతో గొణిగేవారు. అన్నయ్యేమో, మా వారు నోరు విప్పితే చాలు, "మాట్లాడు బావా, రేడియో పెట్టినట్టుంటది" అనేవారు.

మాఘమాసంలో ఒక సోమవారం పొద్దున పెళ్ళివారింటి నుంచి సామాను తీసుకొస్తున్నాం. నేను ముందు సీట్లో ఉన్నాను. ఆబిడ్స్ చౌరస్తాలో వెనకవైపు టక్కుమని చప్పుడైంది. ఇంజను రొదపెడుతోంది, గేరు పడుతోంది, బండి మాత్రం అంగుళం కదలదు. మా వారు మూడుసార్లు గేరు మార్చి చూశారు. వెనక రిక్షావాళ్ళు గంటలు కొట్టారు. చివరికి నలుగురు హమాలీలు నాంపల్లి దాకా నెట్టుకొచ్చారు. మా వారు స్టీరింగు పట్టుకుని, తానే నడుపుతున్నంత ఠీవిగా కూర్చున్నారు.

అన్నయ్య వెనక చక్రం చేత్తో తిప్పి, చెవి పెట్టి విన్నారు.

"ఇరుసు ఇరిగింది బావా. కుడి దిక్కు షాఫ్టు. ఫికర్ జెయ్యకు, నేనున్న గదా. రేపు పొద్దుగాల మొదలువెడదాం."

"వద్దులెండి, నేనే చేసుకుంటాను. పుస్తకం ఉంది," అన్నారు మా వారు.

"పుస్తకమా?"

"ఇంగ్లీషు పుస్తకం. పనిలో పనిగా బ్రేకులు కూడా మార్చేస్తా."

"సరె," అన్నారు అన్నయ్య. అంతే. ఆదివారానికి కోఠిలో పెళ్ళికి మూడు వందల కుర్చీలు ఒప్పుకుని ఉన్నాం. చేతిలో ఆరు రోజులున్నాయి.

ఆ పుస్తకం కోఠిలో పాత పుస్తకాల దుకాణంలో కొన్నది. మా వారికి ఇంగ్లీషు దుకాణాల బోర్డుల వరకే వచ్చు. నేను బందరులో ఇంటర్మీడియట్ దాకా చదివాను. కాబట్టి చదవడం నా పని, చేయడం ఆయన పని అని తేలింది. "నేను అడిగిందే చదువు, మధ్యలో నీ సలహాలు కలపకు," అని ముందే చెప్పారు.

మర్నాడు పొద్దున అన్నయ్య తన పేము కుర్చీ తెచ్చి వాకిట్లో వేసుకుని కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం కంటే మాట్లాడితేనే నయమనిపించింది.

బండిని జాకీ మీద లేపి చక్రం తీశారు. చక్రం వెనక ఉండే ఇనప డ్రమ్ము తుప్పు పట్టి రానంది. మా వారు సుత్తె అందుకున్నారు.

"చుట్టూ సున్నితంగా తట్టాలని పుస్తకంలో ఉందండీ," అన్నాను.

"సున్నితంగానే తడుతున్నాను!" అంటూ ఆయన కొట్టిన దెబ్బలకి సందు చివర మేకలు పరుగుతీశాయి.

గంటకి డ్రమ్ము వచ్చింది. షాఫ్టు రాలేదు. కాలు తన్నిపెట్టి గుంజితే మా వారే వెల్లకిలా పడ్డారు. అన్నయ్య ప్రహరీ మీది కాకిని చూస్తూ, కాకితోనే అన్నట్టు, "గా డ్రమ్మునే ఉల్టా తిప్పి, నట్లు వదులుగ ఎక్కించి, దాన్ని వట్టి గుంజితె ఎట్లుంటదో," అన్నారు.

మా వారు వినలేదు. అంటే వినలేదన్నట్టు లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చారు. వచ్చి, కాసేపు ఆలోచించి, "ఏమే, డ్రమ్మును తిరగేసి బిగించి లాగితే ఎలా ఉంటుందంటావ్?" అన్నారు.

"పుస్తకంలో లేదండీ."

"పుస్తకంలో అన్నీ ఉంటాయా ఏవిటి?"

నాలుగు గుంజుళ్ళకి విరిగిన షాఫ్టు బయటికొచ్చింది. దాని వెంట నల్లటి గేరు ఆయిలు కారి, నేను పొద్దున వేసిన ముగ్గు మీదుగా పోయింది. షాఫ్టు సగమే వచ్చింది. మిగతా ముక్క ఇరుసు గొట్టంలో లోపలెక్కడో ఉండిపోయింది. ఇక్కడ మా వారి గొప్పతనం ఒప్పుకోవాలి. సైకిలు బ్రేకు తీగతో ఉచ్చు చేసి, కడ్డీకి కట్టి లోపలికి పంపి, మర్నాడు మధ్యాహ్నం దాకా బావిలో పడ్డ చేంతాడు కోసం వెతికినట్టు వెతికి, ఆ ముక్కని పట్టి బయటికి లాగారు.

అన్నయ్య కుర్చీలోంచి చప్పట్లు కొట్టారు. "శభాష్ బావా! మా షెడ్డుల గూడ గిట్ల ఎవ్వడు తియ్యలె."

ఆ మెప్పే కొంప ముంచింది. ఆ ఊపులో మా వారు ఎడమవైపు షాఫ్టు కూడా లాగేశారు. రెండు వైపులా బ్రేకులు విప్పేశారు. బ్రేకు షూలు, స్ప్రింగులు, చిన్నా చితకా అన్నీ కలిపి దుకాణంలోని పులుసు గిన్నెలో పోసి కిరసనాయిలులో నానబెట్టారు. రెండో చక్రం బ్రేకు ఊడుతుంటే అన్నయ్య కుర్చీలోంచి సగం లేచారు. మళ్ళీ కూర్చున్నారు. ఎందుకు లేచారో నాకు అర్థం కాలేదు. అడిగి ఉంటే ఒక రోజు మిగిలేది.

గురువారం మా వారు పాత ఇనుము కొనే కబాడీ దుకాణంలో ముక్కలు చేస్తున్న అలాంటి బండి నుంచే రెండు షాఫ్టులు తెచ్చారు. షూలకు కొత్త పట్టీలు వేయించారు. కుడివైపు షాఫ్టు ఎక్కిస్తే రెండు వేళ్ళ వెడల్పున బయటే ఆగిపోయింది. సుత్తె దెబ్బలకీ లొంగలేదు.

"కబాడీవాడు మోసం చేశాడు. వాడి సంగతి చూస్తాను," అని చొక్కా వేసుకోబోయారు.

నేను సలహా కలపకూడదు. అయినా ఉండబట్టలేక, "రెండూ పక్కపక్కన పెట్టి చూడండి," అన్నాను. ఒక షాఫ్టు రెండోదాని కంటే రెండు వేళ్ళు పొడుగు. "ఒకటి కుడిదీ, ఇంకోటి ఎడమదీ అయి ఉంటాయేమో."

మా వారు రెంటినీ మళ్ళీ కొలిచారు. "నేనూ అదే అనుకుంటున్నాను," అన్నారు. మార్చి పెడితే రెండూ నున్నగా లోపలికి వెళ్ళిపోయాయి.

మిగిలింది బ్రేకులు. శుక్రవారం పొద్దున పులుసు గిన్నె ముందేసుకుని కూర్చున్నారు. ఏ స్ప్రింగు ఎక్కడిదో, ఏ కొక్కెం దేనికో తెలియదు. "చదువు," అన్నారు.

"స్ప్రింగులు బొమ్మలో చూపిన విధంగా అమర్చవలెను," అని చదివాను.

"బొమ్మేదీ?"

పేజీ తిప్పాను. బొమ్మ ఉండాల్సిన పేజీ చింపేసి ఉంది. మా కంటే ముందు ఆ పుస్తకం కొన్నాయనకీ సరిగ్గా ఆ పేజీతోనే పని పడిందన్నమాట.

మధ్యాహ్నం దాకా ఊహించి ఊహించి బిగించారు. ఏదో ఒకటి మిగిలిపోయేది, లేదా ఏదో ఒకటి అందేది కాదు. చివరికి ఒక స్ప్రింగు ఆయన చేతిలోంచి తప్పించుకుని ఎగిరి, అన్నయ్య కుర్చీ కాళ్ళ దగ్గర పడింది. అన్నయ్య వంగి తీసుకుని, తన లుంగీ అంచుతో శుభ్రంగా తుడిచి, లేచి వచ్చి మా వారి చేతిలో పెట్టారు. నవ్వలేదు. వెళ్ళి మళ్ళీ కూర్చున్నారు.

మా వారు ఆ స్ప్రింగుని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత తలెత్తకుండానే అన్నారు.

"బావా, గిది జర జూడవా?"

నేను పుస్తకం మూసేశాను. ఎనిమిదేళ్ళలో ఆయన బయటివాళ్ళని సాయం అడగడం, అదీ ఈ ఊరి మాటలో అడగడం, అదే మొదలు. అన్నయ్య వెక్కిరిస్తారేమోనని అటు చూశాను. ఆయన లుంగీ పైకి చెక్కి, వచ్చి మా వారి పక్కనే మట్టిలో చతికిలబడ్డారు.

"ఒక దిక్కు ఇప్పినప్పుడు రెండో దిక్కు ఇప్పద్దు బావా. గది జూసి గిది కట్టుకోవాలె. మొన్న నేను కుర్చీలకెల్లి లేచింది గందుకే."

"మరి చెప్పొచ్చుగా!"

"నువ్వు అడగలె గదా."

అన్నయ్య కళ్ళు మూసుకుని, వేళ్ళతో తడుముతూ, స్క్రూడ్రైవరుతో ఒక్కో స్ప్రింగూ లాగి తగిలించారు. కుడి చక్రం పావుగంటలో అయిపోయింది. అప్పుడు ఎడమవైపుకి వచ్చారు. కళ్ళు మూశారు, తెరిచారు, మళ్ళీ మూశారు. చెమటలు పట్టాయి. పాతికేళ్ళూ షెడ్డులో ఆయన కుడివైపే చేసేవారట. ఎడమవైపు చూసేవాడు వేరే. అంతా తిరగేసి ఉండేసరికి చేతులు తికమకపడుతున్నాయి.

"ఏం బావా, పుస్తకం తెమ్మంటావా?" అన్నారు మా వారు. నాలుగు రోజుల కసి ఆ ఒక్క మాటలో తీర్చుకున్నారు.

నేను లోపలికెళ్ళి గోడకున్న నిలువుటద్దం తీసుకొచ్చి, బిగించిన కుడి బ్రేకు ముందు పట్టుకున్నాను. అద్దంలో కనబడేది ఎడమదే. ఇద్దరూ నా వంక చూశారు, అద్దం వంక చూశారు. ఒకళ్ళు అద్దంలో చూసి చెబుతుంటే ఒకళ్ళు అవతల తగిలించారు. నా చేతులు లాగేస్తున్నా, "కదలకు చెల్లె, కదలకు!" అంటూనే పూర్తిచేశారు.

చేతులకంటిన గ్రీజు కడుక్కుంటూ మా వారు నాతో మెల్లగా ఒక మాట చెప్పారు. ఈ ఊరు వచ్చిన కొత్తలో కోఠిలో ఎవరినో దారి అడిగితే, తన మాట తీరుకి అక్కడున్నవాళ్ళంతా నవ్వారట. అప్పటి నుంచి ఎవరినీ ఏదీ అడగకూడదనుకున్నారట. ఎనిమిదేళ్ళు ఆ సంగతి నాకూ చెప్పలేదు.

శనివారం బండి పరీక్షకి బయల్దేరాం. ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కున్నాం. సందు మలుపులో ఇరానీ హోటలు దగ్గర మా వారు బ్రేకు తొక్కారు. ఎడమ చక్రం పట్టింది, కుడిది పట్టలేదు. బండి ఎడమకి తిరిగి హోటలు మెట్ల ముందు జానెడు దూరంలో ఆగింది. బయట బెంచీ మీద చాయ్ తాగుతున్న ముగ్గురు కప్పులు వదలకుండా కాళ్ళు మాత్రం పైకెత్తేశారు. అన్నయ్య దిగి, చక్రం వెనక చెయ్యి పెట్టి కుడివైపు కాస్త బిగించారు. మళ్ళీ తొక్కితే బండి తిన్నగా, ఆగమన్నచోట ఆగింది. ఆదివారం కుర్చీలు వేళకే కోఠి చేరాయి.

ఆ బండి మా దగ్గర ఇంకా ఆరేళ్ళు నడిచింది. ఆ కథ మాత్రం రెండు రకాలుగా నడిచింది. మా వారు చెప్పేదాంట్లో ఇరుసంతా ఆయనే మార్చారు, అన్నయ్య స్ప్రింగులు అందించారు. అన్నయ్య చెప్పేదాంట్లో అద్దం ఆలోచన అన్నయ్యదే. ఇద్దరి కథల్లోనూ నేను లోపల చాయ్ పెడుతూ ఉంటాను. నిజానికి ఆ వారమంతా చాయ్ హోటలు నుంచే వచ్చింది. నాకు పొయ్యి దగ్గరికి వెళ్ళే తీరికెక్కడిది?