అత్తయ్య ఎడమచేతి నెమలి

మా అత్తయ్య పోయింది. మొన్న శుక్రవారం పొద్దున్నే తెనాలి నుంచి ఆమె కోడలు ఫోన్ చేసి, "అక్కా, అత్తమ్మ లేవట్లేదు" అంది. లేవకపోతే లేపు, దానికి నాకు ఫోనెందుకు అని విసుక్కోబోయి ఆగిపోయాను. ఆ పిల్ల గొంతు అట్లా ఉంది మరి. రేపల్లెలో పాసింజరెక్కి కూచున్నాను. భట్టిప్రోలు దాటేదాకా నాకు ఏడుపే రాలేదు. వచ్చాక తెనాలి దాకా ఆగలేదు. ఎదురుగా కూచున్న పెద్దాయన, "ఎవరమ్మా పోయింది?" అన్నాడు. "మా అత్తయ్యండి" అన్నాను. "మేనత్తా?" అన్నాడు. ఏం చెప్పను ఆయనకి?

మేనత్త కాదు, పెళ్లివల్ల వచ్చిన అత్తా కాదు. వాళ్లు ముస్లింలు, మా వాళ్లు చుండూరు పక్కన వ్యవసాయం చేసుకునేవాళ్లు. పెళ్లయిన కొత్తలో తెనాలిలో మేం అద్దెకి దిగిన ఇంటికి ఆనుకుని ఆమె వాటా. రెండిళ్లకీ కలిపి ఒకటే వసారా. అటుపక్క ఆమె జరీపని, ఇటుపక్క నా కుట్టుమిషను. సామాన్లు దించుకున్న రోజు నా మిషను చప్పుడు విని, "ఏంటమ్మాయ్, ఎద్దులబండి తెచ్చుకున్నావా? నూనె పొయ్యి దానికి!" అంది. నాకు ఒళ్లు మండింది. సాయంత్రానికి ఆమే నూనెసీసా పట్టుకొచ్చి పోసింది. అప్పట్నుంచీ అత్తయ్యే.

ఇప్పుడు వీధికొకటి మగ్గం వర్కు షాపు పెడుతున్నారు కదా, ఆమె పని అదనుకోకండి. అందులో పూసలూ చమ్కీలూ ఉంటాయి. అత్తయ్యది పాతకాలం పద్ధతి. పట్టుపోగు చుట్టూ వెంట్రుకంత వెండిరేకు చుట్టిన దారం ఆమె జరీ. దాన్ని సూదికెక్కించి బట్టలోంచి లాగితే రేకు చిరిగిపోతుంది. అందుకని మఖ్మల్ గుడ్డ మీద ముందే గీసుకున్న గీత వెంట పరిచి, పైనుంచి మైనం రాసిన సన్నటి పట్టుదారంతో అక్కడక్కడా పట్టెయ్యాలి. "జరీని కుట్టకూడదే, పడుకోబెట్టాలి. పసిపిల్లని పడుకోబెట్టినట్టు" అనేది. నేను కోపంలో ఉంటే దగ్గరికి కూడా రానిచ్చేది కాదు. "లే, లే. ముందు పోయి మీ ఆయన్ని నాలుగు తిట్టేసి రా. నీ కోపం దారానికి తెలిసిపోద్ది" అనేది. చేతి చెమట తగిలితే వెండి నల్లబడుతుందని కూచున్నప్పుడల్లా శనగపిండితో చేతులు కడిగించేది. ఎండాకాలం తెనాలి ఉక్కకి ఆ కడుక్కోవడంతోనే సగం పూట గడిచేది.

ఆ పని ఆమెకి వాళ్ల నాన్న దగ్గర్నుంచి వచ్చింది. వచ్చింది అంటున్నాను గానీ, ఆయన ఇవ్వలేదు, ఈమే లాక్కుంది. ఆయన నాటకాల డ్రెస్సులకి జరీపని చేసేవాడు. పద్యనాటకాల్లో రాజు వేషానికి ఆయన కుట్టిన కోటుంటే నటులకి అదో గొప్పట. ఇంట్లో పెద్ద చట్రానికి గుడ్డ బిగించి, అన్నదమ్ములూ కొడుకులూ వరసగా కూచుని కుట్టేవాళ్లు. ఈమెకి ఆ వరసలో చోటు లేదు. ఆడపిల్లయినందుకు కూడా కాదు, ఈమెది పుర్రచెయ్యి. పక్కన కూచుంటే అవతలివాడి మోచేతికి తగిలేది. పైగా ఎడమచేత్తో పరిస్తే రేకు మెలిక వదులై జరీ పురి విడిపోయేది. "నువ్వు పట్టుపోగుకి రేకు చుట్టివ్వు తల్లీ, అది చాలు" అని ఆయన కదురు చేతికిచ్చి పక్కన కూచోబెట్టాడు. పెళ్లయ్యేదాకా చుట్టింది. ఆయన పోయాక, పెళ్లయి పిల్లలు పుట్టాక, తనకొక్కదానికే సరిపడే చిన్న చట్రం చేయించుకుని వసారాలో పెట్టుకుంది. టోపీలు, అంచులు, చిన్న చిన్న పువ్వులు కుట్టేది. పురి విడకుండా ఒక్కో పువ్వు మీదా పడరాని పాట్లు పడేది. నెమలి మాత్రం ముట్టుకునేది కాదు. ఎవరడిగినా, "అది మా నాన్నదండి" అని తోసేసేది. చెయ్యి ఎంత లాగేదో నాకు తెలుసు. పాత కాగితాల మీద బొగ్గుతో నెమళ్లు గీసి, నేను చూస్తే చెరిపేసేది.

అలాంటి మనిషి దగ్గరికి ఒకరోజు బాపట్ల నుంచి ఒక రంగస్థల నటుడుగారు వచ్చారు, వెంట ఆయన భార్య. ఆయన సంచిలోంచి కోటు తీశారు. నల్ల మఖ్మలు మీద, రొమ్ముకి ఇటొకటి అటొకటి, ఎదురెదురుగా రెండు నెమళ్లు. అత్తయ్య చూడగానే, "మా నాన్న" అంది. కోటు అనలేదు, నెమలి అనలేదు.

గుండెవైపు నెమలి పాడైపోయింది. జరగబోయే నాటక పోటీలకి కోటు మెరిసిపోవాలని ఆ మహాతల్లి, జరీ నల్లబడిందని, పూజసామాన్లు తోమినట్టు చింతపండు పెట్టి తోమిందట! వెండిరేకు తెగి, లోపలి పట్టు పీచులాగా లేచి, మఖ్మలు అట్టకట్టుకుపోయింది. పొయ్యి మీద పాలు పొంగాయని లేచెళ్లబట్టి రెండో నెమలి బతికింది. ఆవిడ వసారా గుమ్మం దగ్గరే నిలబడి కళ్లొత్తుకుంటోంది. నాకు నోటిదాకా వచ్చింది, అత్తయ్య కళ్లతోనే ఆపేసింది. "ప్రేమ కొద్దీ చేశారు లెండి వదినగారూ, లోపలికి రండి, టీ పెడతా" అంది.

నటుడుగారు మాత్రం ఒక్కటే మాట చెప్పారు. "చెల్లెమ్మా, ఇది మా గురువుగారు వేసిన కోటు. రెండు నెమళ్లూ మీ నాన్నగారి చేతివే అన్నట్టుండాలి. కాదనిపిస్తే చెప్పండి, ఈ వేషమే మానేస్తాను." అత్తయ్య సరేనంది. వాళ్లు వెళ్లాక పాడైన రేకంతా ఊడదీసి, కోటుని చట్రానికి బిగించింది.

మొదట కుడిచేత్తో మొదలెట్టింది. పాపం, ఎంత కష్టపడిందో. తోక పూర్తయ్యేసరికి తడిసిన కోడి తోకలా ఉంది. నేను నవ్వేశాను, ఆమె నవ్వలేదు. మొత్తం విప్పేసి ఎడమచేత్తో పరిచింది. నాన్న చెప్పినట్టే అయింది. ముక్కు దగ్గర్నుంచి మెడ దాకా పురి విడిపోయి, రేకు సందుల్లోంచి పసుపు పట్టు తొంగిచూసింది. చిన్న పువ్వుకైతే సర్దుకుంటుంది, ఇంత తోకకి ఎట్లా సర్దుకుంటుంది? "తిరిగిచ్చేద్దామే. మా నాన్న అన్నదే నిజం. నా చెయ్యి దీనికి పనికిరాదు" అంది. ఆమె నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. ఆ పూట మా ఇద్దరికీ అన్నం సయించలేదు.

మర్నాడు నేను మిషను మీద ఉండగా ఒక్క కేక పెట్టింది. "ఒసే అమ్మాయ్! తప్పు చేతిది కాదే, దారానిది! వాళ్లందరిదీ కుడిచెయ్యి గనక ఇటు చుట్టించారు నాతో. నేనే కదే చుట్టింది! నా చేతికి అటు చుట్టుకుంటే?"

అటు చుట్టిన జరీ ఏ కొట్లో దొరుకుతుంది? పాత జరీలో రేకు విప్పి మళ్లీ మేమే చుట్టుకోవాలి. నా వైపు చూసింది. నాకు అర్థమైంది. మా అమ్మ పెళ్లిచీర చిరుగులు పట్టి నా పెట్టెలో ఉంది. అంచు అసలైన వెండి. ఇవ్వనని మొండికేశాను, ఆమెతో మాట్లాడటం మానేశాను, తిరిగి నేనే తీసుకెళ్లి ఒళ్లో పడేశాను. పోగుపోగూ విప్పాం. నేను కదురు తిప్పేదాన్ని, ఆమె ఎడమచేత్తో రేకు అందించేది. "నెమ్మదే, నెమ్మది. అదేమన్నా బావిచేదా?" అని గదమాయించేది. ఆ ఎదురుపురి జరీ ఆమె చేతికింద ఎంత బుద్ధిగా పడుకుందో! తోకలో ఒక్కో కన్నూ తెరుచుకుంటుంటే నేను జాకెట్లు వదిలేసి చూస్తూ కూచునేదాన్ని. మా అమ్మ చీర అలా నెమలి అయినందుకు నాకు ఇప్పటికీ సంతోషమే.

నటుడుగారొచ్చి, వసారాలో వెలుతురుకి పట్టి, దగ్గరగా చూసి, దూరంగా చూసి, "మీ నాన్నగారే వచ్చి కుట్టి వెళ్లారమ్మా" అన్నారు. అత్తయ్య దండం పెట్టి లోపలికెళ్లిపోయింది. వెనకే వెళితే, ఆ మెప్పు నాకా మా నాన్నకా అని ఆమె మొహం అడుగుతోంది. నాకు బాధేసింది.

మొన్న శుక్రవారం ఆ నటుడుగారు కూడా వచ్చారు, బాగా వంగిపోయారు. అత్తయ్యకి దండం పెట్టి, నన్ను చూసి, "ఆ పోటీల సాయంత్రం గుర్తుందామ్మా?" అన్నారు. గుర్తులేకపోవడమేంటి!

ఆ సాయంత్రం నేనే బలవంతంగా బాపట్ల తీసుకెళ్లాను. నాటకం హాల్లో మూడో వరసలో, నల్ల బురఖాలో, ఒదిగి కూచుంది. తెర లేచింది. నటుడుగారు కుడిపక్క నుంచి వచ్చి నిలబడి పద్యం ఎత్తుకున్నారు. పక్కనుంచి పడుతున్న లైటుకి వాళ్ల నాన్న నెమలి భగ్గుమంది. గుండెవైపుది మాత్రం నల్లగా ఉండిపోయింది, అక్కడేమీ లేనట్టే! ఎదురుపురి కదా, పక్కనుంచి పడే ఆ లైటు దానికి అందలేదు; వసారా వెలుతురులో ఈ తేడా మాకు తెలియలేదు. అత్తయ్య నా చెయ్యి నలిపేసింది. "పోయిందే. నాది చచ్చిపోయిందే. అందరికీ తెలిసిపోయింది" అని గొణిగింది. పద వెళ్లిపోదాం అని నా కొంగు లాగింది. నేను కదల్లేదు.

అంతలో నటుడుగారు మంత్రి వేషం వైపు తిరిగి రెండో పద్యం అందుకున్నారు. తిరగడం తిరగడమే, వాళ్ల నాన్న నెమలి చప్పున చల్లారిపోయింది. అత్తయ్య నెమలి మెడ దగ్గర్నుంచి మొదలై, తోక చివరి కన్ను దాకా, ఒక్కో పోగూ అంటుకుంటున్నట్టు వెలిగింది. వెనక వరసలో ఎవడో, "ఒరేయ్, ఆ కోటు చూడరా! నెమళ్లు వంతులేసుకుంటున్నాయి" అన్నాడు. హాలంతా చప్పట్లు. పద్యానికో కోటుకో నాకు తెలీదు.

నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. తలెత్తి చూస్తే అత్తయ్య నిలబడి ఉంది. గడప దాటితే పరాయి మగాళ్ల ముందు నోరెత్తి మంచినీళ్లడగని మా అత్తయ్య, అంతమందిలో, ఎడమచెయ్యి పైకెత్తి, గొంతు పగిలేలా అరిచింది.

"వన్స్ మోర్!"

హార్మోనియం మళ్లీ మోగింది. నటుడుగారు నవ్వి, అదే పద్యం కోసం, మళ్లీ అటే తిరిగారు.