మంచం ఖాళీ చేసే మనిషి

మార్కాపురం బజారులో సావిత్రమ్మతో బేరానికి దిగి గెలిచిన దుకాణదారు లేడు. అలాంటి మనిషికి సొంత ఇంట్లోనే ఒక ముడి విడలేదు. మొగుడు చెన్నకేశవులు నేవీలో, జలాంతర్గామి మీద పనిచేసి రిటైరై వచ్చాడు. వచ్చినా చుట్టపుచూపుగా వచ్చినవాడిలాగే ఉండేవాడు. కన్ను తెరవగానే దుప్పటి మడిచి, పరుపు దులిపి, అవతలికి పోయేవాడు. పగటిపూట మంచం మీద కూర్చుంటే ఒట్టు. మొన్న చలిజ్వరంతో వణుకుతూ కూడా కాసేపు పడుకుని లేచి, కింద బండల మీదికి దిగాడు.

అది సావిత్రమ్మకు గుండెలో ముల్లయింది. కంది చేను ఒంటిచేత్తో సాగుచేసి ఈ ఇల్లు నిలబెట్టింది, ఆయన వచ్చి కాళ్ళు చాపుకుంటాడనే కదా!

"నా ఇంట్లో నీకేం తక్కువైంది? ఆ పడవలో ఏముండాదో నేనూ చూస్తా, పద" అని రైలెక్కించింది. ఈ ఇల్లు తనది కాదని ఆయన అనుకుంటే ఆ మాట ఆయన నోటితోనే చెప్పించాలని తెగించి బయల్దేరింది.

విశాఖలో సముద్రపు ఒడ్డున జనం చూడటానికి నిలబెట్టిన జలాంతర్గామి, ఆయన పనిచేసినదాని లాంటిదే. గుండ్రటి తలుపులోంచి వంగి దూరుతూ "దీనికంటే మా కోళ్ళగూడే నయం" అనేసింది సావిత్రమ్మ. నావికులు పడుకునే చోట ఒకదానిమీద ఒకటిగా సన్నటి బల్లలు, పక్కనే టార్పెడోలు. ఒక బల్లను జానతో కొలిచి చూసి పెదవి విరిచింది.

"ఇందులో నీది ఏది?"

"నాదంటూ ఏముంది? నేను లేచి డ్యూటీకి పోతే, డ్యూటీ దిగినోడు ఆ పరుపు మీదనే పడుకుంటాడు. వాడు నిద్రకు తూగుతా నిలబడుంటే మనం పొర్లాడతామా? లేచినామంటే దుప్పటి తీసుకోని దిగాల్సిందే."

"జొరమొస్తే?"

"వాని నిద్ర వానికి గావాల గదా."

సావిత్రమ్మకు ముందు నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది, ఆ తర్వాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఈ మనిషి తన మంచం దిగి, ఈ ఇంట్లో లేనే లేని ఎవడికో చోటిస్తున్నాడు!

"ఈ ముక్క నాకు ముందే చెప్పకపోతివే?"

"చెప్పేదానికేముంది? మంచమంటే అంతే గదా" అన్నాడాయన నిజంగానే ఆశ్చర్యపోతూ.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, నేవీలో వచ్చింది. దీన్ని వదిలించడం ఎంతసేపు అనుకుంది సావిత్రమ్మ.

ఇంటికొచ్చిన మర్నాడు మధ్యాహ్నం, అన్నం తిన్నాక, చెయ్యి పట్టి మంచం మీదికి తెచ్చింది. ముడుచుకుని కునుకు తీశాడు. మెలకువ రాగానే దుప్పటి అంచు పట్టి లాగాడు. అది రాలేదు. సావిత్రమ్మ దానిమీదే కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది.

"లెయ్యే, మంచం ఖాళీ చెయ్యాల."

"ఎవురొస్తారని?"

చెన్నకేశవులు తలుపు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. కాసేపు అలాగే చూసి, మళ్ళీ దిండు మీదికి ఒరిగాడు. మంచం చివరిదాకా కాళ్ళు చాపాడు.