ఏడో జిల్లేడాకు

మా పెరట్లో సీతాకోకచిలుకలు నేను కడియం నుంచి తెచ్చిన నూరువరహాల పూల మీద తేనె తాగి, గుడ్లు మాత్రం గోడవార జిల్లేడు మీద పెడతాయి. ఇంట్లో జిల్లేడు అరిష్టం, కొట్టించేయమని ఎదురింటి సత్యవతి గారు ఏడాదిగా పోరుతూనే ఉన్నారు. రేపు రథసప్తమి. ఈ సాయంత్రం అందరికంటే ముందు పళ్లెం పట్టుకుని వచ్చింది ఆవిడే. తలమీద పెట్టుకుని స్నానం చేయడానికి ఏడు ఆకులు కావాలట.

గొంగళిపురుగులు తినగా మిగిలినవాటిలో వెతికి ఆరు కోశారు. ఏడోదానికి చెయ్యి చాచారు. దాని అడుగునే సీతాకోకచిలుక గూడు వేలాడుతోంది. లోపలి నారింజరంగు రెక్కలు పైకి కనిపిస్తున్నాయి. నేడో రేపో బయటికొస్తుంది.

"అది వదిలేయండి, సత్యవతి గారూ."

"చిల్లు లేనిది ఇదొక్కటేనండి."

"ఒకసారి అడుగున చూడండి."

వంగి చూశారు. ఆకు మాత్రం వదల్లేదు. చివరికి పక్కనున్న పురుగు కొట్టిన ఆకు తుంచుకున్నారు.

"పోన్లెండి. సూర్యుడు చిల్లులోంచి కూడా కనపడతాడు."

నేను ఊపిరి పీల్చుకునేలోపే గేటు మళ్లీ చప్పుడైంది. పక్క వీధివాళ్లు, పెద్ద బుట్టతో. రథసప్తమి ముందురోజు గేటుకు తాళం వేస్తే పాపమా? మీరే చెప్పండి.