రేఖ మీద లేని బిందువు

కెనడాలోని వాటర్లూలో కిటికీ బయట మంచు పడుతున్నంతసేపూ వెర్నా షాంట్జ్ కళ్లకి ఆ రేఖే కనిపిస్తుంది. కంప్యూటర్లు పంపుకునే రహస్యాలకి తాళం వేసే లెక్కల్లోని వంపు రేఖ అది. ఇరవై ఆరేళ్లుగా ఆమె మనసులో దాని ఒడ్డునే నడుస్తోంది. అవతలివాళ్లు దాపరికం లేకుండా పంపే సంఖ్యల జత, అంటే ప్రతి బహిరంగ తాళంచెవీ, ఆ రేఖ మీది ఒక బిందువు. నిజంగా దాని మీదే ఉందా అని సమీకరణంలో వేసి చూసుకోవాలి. చూడకుండా దొంగ బిందువుని రానిచ్చామా, దానితో మన రహస్య సంఖ్యని గుణించిన ప్రతిసారీ ఆ రహస్యం కాస్త కాస్త బయటికి కారిపోతుంది.

చూడకుండా దేన్నీ వదలదని వెర్నాకి పేరు. బటర్ టార్ట్ అనే తీపి బిళ్లని కూడా తిరగేసి చూసిగానీ తినదని, ఆమెతో పనిచేసే ఫారెల్ ఏడిపిస్తాడు. ఆ తాళాలు వేసే ప్రోగ్రాముని, వాళ్ల భాషలో లైబ్రరీని, రాయడం వాళ్ల పని; దాన్ని ఎవరైనా తెరిచి చూసి వాడుకోవచ్చు. శుక్రవారం ఆమెకి ఉద్యోగంలో ఆఖరి రోజు. బుధవారం ఫారెల్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఈసారి ఏడిపించలేదు.

"మన లైబ్రరీలో బిందువుని చూసే ఆ పరీక్ష లేదు వెర్నా. పదకొండేళ్ల కింద ఎవరో పీకేశారు."

"ఎవడా మహానుభావుడు?"

అతను తెర ఆమె వైపు తిప్పాడు. ఏ మార్పు ఎవరు చేశారో, ఎందుకు చేశారో రాసి ఉంచడం ఈ పనిలో ఆచారం. వెర్నా షాంట్జ్ అని ఉంది. పక్కన కారణం: అనవసరం, వేగం తగ్గిస్తోంది.

"ఇన్నేళ్లూ బయటపడలేదేం అంటే, మనం లైబ్రరీని నడిపి చూసిన తాళంచెవులన్నీ అది పుట్టించినవే. ఇంట్లోవాళ్లనే గుమ్మంలో నిలబెట్టి దొంగలు లేరనుకున్నాం," అన్నాడు ఫారెల్. "చిన్న సవరణ అని పంపేద్దాంలే. కేకు కోసుకుని హాయిగా వెళ్లు. నీ పేరెందుకు ఎత్తడం?"

వెర్నాకి అలాగే చేసేయాలని ఆశ పుట్టింది, చాలా పుట్టింది. బయట మంచులోంచి బిందువులు ఒకే రకం కోట్లు వేసుకుని నడిచి వస్తున్నట్టు అనిపించింది. ఏది దొంగదో మొహం చూస్తే తెలియడం లేదు.

"నన్ను చూసి ఇంకెంతమంది తీసేశారో?"

"నాకేం తెలుసు!"

"నాకూ తెలీదు. భయం అదే."

సవరణతో పాటు లైబ్రరీ వాడేవాళ్లందరికీ కనిపించేలా ఆమె నాలుగు ముక్కలు రాసింది: "తీసేసింది నేను. తప్పు చేశాను. నన్ను చూసి మీరూ తీసేసి ఉంటే వెంటనే తిరిగి పెట్టుకోండి." ఏ మార్పైనా బయటికి పోవాలంటే ఇంకొకరు కూడా సరే అనాలి; ఫారెల్ నిట్టూర్చి ఆ ఆమోదం ఇచ్చాడు.

శుక్రవారం కేకు కోస్తుండగా విన్నిపెగ్ నుంచి జాబు వచ్చింది. గుండెకి అమర్చే యంత్రాలు చేసేచోట పనిచేసే ఇంజనీరు ఎవరో రాశారు: "మేమూ తీసేశాం. ఇవాళ పెట్టాం. తీసింది మీరు కదా అని మళ్లీ చూడలేదు."

వెర్నా కేకు ముక్క చేతిలో పట్టుకుని, ఏడుస్తూ అలాగే నిలబడిపోయింది.