ఈ ఏడే ఎర్రబడాల్సిన చెట్టు

కోవిడ్ ఆంక్షలు చాలావరకు ఎత్తేసిన ఏప్రిల్‌లో నేను జర్మనీలో, బ్యోబ్లింగెన్ శివార్లలో ఒక బౌమ్‌షూలెలో, అంటే చెట్ల నర్సరీలో, మొక్కల ఎంపిక సలహాదారుగా పనిచేస్తున్నాను. నా పైన ఒక మైస్టర్ ఉండేవాడు. పరీక్ష నెగ్గి, ఇతరులకు పని నేర్పే అర్హత సంపాదించిన తోటపనివాణ్ణి ఇక్కడ అలా అంటారు. నేను స్థలం చూసి, పత్రం నింపి, మొక్క పేరు రాసేవాణ్ణి. ఆయన సంతకం పెడితేనే మొక్క బండెక్కేది. శరదృతువు రంగులు నా ప్రత్యేకత. అక్టోబరులో ఏ ఆకు ఏ రంగుకు తిరుగుతుందో నాకంటే బాగా చెప్పగలవాడు ఆ చుట్టుపక్కల లేడని నాకో గర్వం.

ఆకు ఎర్రబడాలంటే పగలు ఎండ కాయాలి, రాత్రి గడ్డకట్టనంత చలి ఉండాలి. నేల కూడా ఒప్పుకోవాలి. సున్నం ఎక్కువున్న నేలలో ఎర్ర మేపుల్ పెడితే ఎర్రదనం మాట దేవుడెరుగు, వేసవిలోనే ఆకు పాలిపోతుంది. అందుకని మట్టి ఎలాంటిది, ఎండ ఎంతసేపు, ఏ కిటికీలోంచి చూస్తారు, ఇవన్నీ అడిగి రాయడానికి మాకు పన్నెండు గడుల పత్రం ఉండేది. పదకొండో గడిలో రాయాల్సింది, ఫలితం ఎప్పటికి కావాలి, ఎందుకు అని.

జర్మన్ల ఇంట్లో ఆ పత్రం బల్ల మీద పెట్టి ఒక్కొక్క గడీ అడిగేవాణ్ణి. మనవాళ్ల ఇంట్లో అది సంచీలోనే ఉండిపోయేది. చాయ్ తాగి, ఊళ్లూ పేర్లూ మాట్లాడుకుని, ఆ తర్వాత కార్లో కూర్చుని నేనే నింపేసేవాణ్ణి. మనవాళ్లను ఫారం పట్టుకుని ప్రశ్నించడం మొరటుతనమని నా ఉద్దేశం.

ఆ ఏప్రిల్‌లో శ్రీధర్ అనే కరీంనగర్ అబ్బాయి పిలిచాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నిరుడే కొన్న సొంత ఇల్లు, వెనక చిన్న తోట. భార్య మాధవి, ఆరేళ్ల కూతురు ఆద్య. మాధవి ఉన్ని టోపీ పెట్టుకుని ఉంది. చలికి అనుకున్నాను. కింద హాల్లో కిటికీ పక్కన మంచం వేసి ఉంది. ఇండియా నుంచి చుట్టాలు వస్తున్నారేమో అనుకున్నాను.

ఆమె ఫోన్లో ఒక ఫోటో చూపించింది. "నిరుడు హాస్పిటల్ పార్కింగ్ కాడ చూసిన అంకుల్. ఎర్రగ మండుతుండె. గిసుంటిదే కావాలె. ఈ ఏడే ఎర్రగైతదా?" అంది.

కొమ్మల మీద బెండు రెక్కలుండే స్పిండెల్ పొద అది. కుండీలో ఉన్నా సరే, మొదటి అక్టోబరుకే ఎర్రబడుతుంది. కానీ నాకు అది నచ్చలేదు. పార్కింగ్ దగ్గర పెట్టే మొక్క ఇంటికెందుకన్నాను. ఆకు నక్షత్రంలా ఉండే అంబర్ చెట్టు పెడతాను, నాలుగో ఏటికి వీధివాళ్లంతా ఆగి చూస్తారన్నాను. ఆమె మళ్లీ ఈ ఏడు సంగతే అడిగింది. "చెట్టు కదమ్మా, తొందరపడితే ఎలా? నిదానమే ప్రధానం అన్నారు" అన్నాను. ఆమె నవ్వి, మీ ఇష్టం అంకుల్ అంది. కార్లో కూర్చుని పదకొండో గడిలో 'తొందర లేదు' అని రాశాను. మైస్టర్ అది చదివే సంతకం పెట్టాడు.

అక్టోబరు సగంలో శ్రీధర్ ఫోన్ చేశాడు, చెట్టు ఇంకా పచ్చగానే ఉందని. కొత్తగా నాటిన చెట్టు మొదటి ఏడు వేళ్లు పట్టుకునే పనిలో ఉంటుంది, వచ్చే ఏడు చూడమన్నాను.  అతను అన్నాడు: "వచ్చే ఏడు దాంక మాధవి ఉండదు అంకుల్. డాక్టర్లు మార్చిలనే చెప్పిన్రు."

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎంత సిగ్గుమాలిన ప్రశ్నో నోరు దాటాక తెలిసింది. "మొక్క పెడుతమని పిలిచి అసుంటి మాట ఎట్లంటం అంకుల్? మీరడిగితె చెప్పెటోన్నేమో" అన్నాడు. టోపీ, మంచం, హాస్పిటల్ పార్కింగ్, అన్నీ నా కళ్లముందే ఉన్నాయి. కళ్లుండీ గుడ్డివాణ్ణి.

మర్నాడు పొద్దున్నే నర్సరీలో బాగా ఎర్రబడిన స్పిండెల్ పొదను కుండీతో సహా వ్యాన్‌లోకి ఎక్కించాను. ఎవరి సంతకమూ అడగలేదు. వెళ్లేసరికి హాల్లో మంచం ఖాళీగా ఉంది. ఆ ఉదయమే అంబులెన్స్ వచ్చిందని పక్కింటి జర్మన్ ఆవిడ చెప్పింది. ఆవిడ పక్కనే నిలబడ్డ ఆద్య పొదను చూసి, ఇది మమ్మీకా అని జర్మన్‌లో అడిగింది. అవునన్నాను. మరి ఇంత ఆలస్యంగా ఎందుకు తెచ్చావంది. కుండీని వాకిట్లో దించాను.

మట్టి ఉన్న కుండీలను ఆస్పత్రి గదుల్లోకి రానివ్వరు. ఒక కొమ్మ కత్తిరించి తీసుకెళ్లాను. పార్కింగ్ చుట్టూ అవే పొదలు, వరసగా, ఎర్రగా. మాధవి గది కిటికీ భవనానికి అవతలి వైపు ఉంది, అక్కడి నుంచి గోడ తప్ప ఏమీ కనబడదు. కొమ్మను గ్లాసు నీళ్లలో పెట్టాను. ఆమె కళ్లు తెరవలేదు. మూడో రోజు పోయింది. ఆ వారంలోనే గడ్డకట్టే చలి పడి అంబర్ చెట్టు ఆకులు పచ్చగా ఉన్నవి ఉన్నట్టే గోధుమరంగుకు మాడి కొమ్మలకు వేలాడాయి.

నేను మైస్టర్‌కు జరిగింది చెప్పి, పత్రంలో పదకొండో గడిలో రాసింది నా కల్పితమని రాసిచ్చాను. ఆయన దాన్ని ఫైల్లో పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. రెండేళ్లకు రిటైరయ్యాను. ఆ రెండేళ్లూ మనవాళ్ల ఇంట్లో కూడా ముందు పత్రం తీశాను, ఆ తర్వాతే చాయ్. కొందరు నొచ్చుకున్నారు.

ఈమధ్య శ్రీధర్ ఒక ఫోటో పంపాడు. అంబర్ చెట్టు నిలువెల్లా ఎర్రబడింది. నేను చెప్పినట్టే, సరిగ్గా నాలుగో ఏట. చెట్టుకు ఎంతకాలం పడుతుందో నాకు ఎప్పుడూ తెలుసు. చూసే మనిషికి ఎంతకాలం ఉందో అడగడం కూడా నా ఉద్యోగంలో భాగమే. నేను అడగలేదు.