పూజారికి చూపించుకోమన్న మాట

నా రెండు అరచేతులూ పగిలి నెత్తురు కారడం మొదలైన ఏడాది, మా ఇంట్లో రాగిముద్ద కెలికే పని మా అత్త తీసుకుంది. మొదట వేళ్ళ సందుల్లో దురద వచ్చింది. తర్వాత చర్మం పొలుసులుగా లేచింది. సబ్బు తగిలినా మంటే, చింతపండు తగిలినా మంటే. చాంపియన్ రీఫ్స్‌లో గని కూలీలకు కట్టిన మా లైను ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒక ఇంట్లో దగ్గితే పక్కింట్లో వినిపిస్తుంది. నేను చెప్పకుండానే నా చేతుల సంగతి అందరికీ తెలిసిపోయింది. నేను తిప్పిన కుళాయిని నా తర్వాతి మనిషి నీళ్ళు పోసి కడిగి తిప్పేది. మాటగా ఎవరూ ఏమీ అనలేదు. మా అత్తా అనలేదు. కానీ నా కంచం, నా గ్లాసు కిటికీ పక్కన వేరుగా పెట్టింది.

మా అత్తకు మామగారు చిత్తూరు వైపు పల్లెనుంచి వచ్చి బంగారు గనిలోకి దిగినవాడు. మా మామ కూడా గని మూసేదాకా దిగి, ఆ తర్వాత ఊపిరాడని జబ్బుతో పోయాడు. నేను క్యాసంబళ్ళి దగ్గర రాగిచేలూ ఆవులూ ఉన్న ఇంటినుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మా ఆయన తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనికి వెళ్తాడు. పగలంతా ఇంట్లో నేనూ మా అత్తే.

మా ఆయన ఒకరోజు సెలవు పెట్టి నన్ను తమక అనే ఊళ్ళో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ రబ్బరు గ్లౌజులు తొడుక్కుని నా చేతులు అటూ ఇటూ తిప్పి చూసింది. పూతమందు రాసిచ్చి, సబ్బుపొడి ముట్టొద్దంది. ఇది ఒకరినుంచి ఒకరికి అంటేది కాదని కూడా చెప్పింది. ఆ మాట నేను ఇంటికి తెచ్చాను గానీ లైనులో ఎవరూ నమ్మలేదు. ఆ వారమే మా అత్త పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ కట్టి, తమ పాత ఊరి అమ్మవారికి మొక్కుకుంది. నా చేతులు బాగైతే వెండి చేతులు చేయించి ఇస్తానంది.

మా లైను చివరి ఇంట్లో ఒక టీచరమ్మ ఉంటుంది. బడి పని అయిపోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో మాట్లాడేది తమిళం, మాతో తెలుగు. ఒక మధ్యాహ్నం నేను చేతులు కొంగు కింద దాచుకుని పోతుంటే ఆపింది. ఏమైందని అడిగి, నేను జవాబు చెప్పేలోపే కొంగు తొలగించి నా చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. వీధిలోనే నిలబడి కళ్ళు మూసుకుని తమిళంలో ఏదో ప్రార్థన చేసింది. నాకు సగమే అర్థమైంది. నాకు గుర్తున్నది ఆమె చేతుల వెచ్చదనం. ఎన్నో నెలలుగా నన్ను ఒట్టి చేతులతో ముట్టుకున్నవాళ్ళు లేరు. నడివీధిలో ఏడ్చేశాను.

టీచరమ్మ ఇంట్లో ప్రతి బుధవారం మధ్యాహ్నం ఆడవాళ్ళు కూడి సువార్త చదువుతారు. ఆ బుధవారం నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అడిగితే, ఆ చేతుల కోసమే అని చెప్పాలి. దేవుణ్ణి వెతుక్కుంటూ పోలేదు.

అప్పుడు వాళ్ళు యేసు పని మొదలుపెట్టిన రోజుల భాగం చదువుతున్నారు. టీచరమ్మ ఒక్కో సంగతి చదివించి, చివర్లో దీనినుంచి మన బ్రతుక్కి ఏం పాఠం అని అడిగేది. మిగతావాళ్ళు టక్కున చెప్పేవాళ్ళు. నాకు పాఠం కంటే ముందు ప్రశ్న వచ్చేది. పాపం లేనివాడు నదిలో మునగడం ఎందుకు? ఆకాశంనుంచి నా ప్రియమైన కొడుకు అని పిలుపు వచ్చిన వెంటనే అడవిలోకి తోలేయడం ఏమిటి? జాలరులు వలలు వదిలి, తండ్రిని పడవలో వదిలి వెంట వెళ్ళిన చోట అందరూ పాఠం విధేయత అన్నారు. నేను ఆ తండ్రి ఏమయ్యాడని అడిగాను. కూలివాళ్ళు తోడున్నారని అందులోనే రాసి ఉందమ్మా అని టీచరమ్మ వేలు పెట్టి చూపించింది. నిజమే, ఉంది. అయినా ఇంటికి వస్తూ దారి పొడుగునా ఆ ముసలాయన గురించే ఆలోచించాను.

మళ్ళీ వానలు పడే వేళకు నా చేతులు బాగయ్యాయి. పొలుసులు రాలి, కింద లేత చర్మం వచ్చింది. పూతమందు పనిచేసిందని మా ఆయన అన్నాడు. అమ్మవారు కరుణించిందని మా అత్త వెండి చేతులకు పురమాయించి, మొక్కు తీర్చడానికి నన్నూ గుడికి రమ్మంది. బుధవారం ఆడవాళ్ళు ప్రార్థన ఫలించిందని పాట పాడారు. ముగ్గురి దగ్గరా నేను తలూపాను. మందు రోజూ రాసుకున్నదాన్ని నేనే. మొక్కు కట్టేటప్పుడు పక్కన కూర్చున్నదాన్ని నేనే. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నదాన్నీ నేనే. ఎవరి మాట కాదనాలో తెలియలేదు.

చలికాలంలో కుష్ఠరోగి కథ వచ్చింది. ఆ మనిషి మోకాళ్ళూని అడిగితే యేసు కనికరపడి, చెయ్యి చాపి ముట్టుకుని బాగుచేస్తాడు. అది విన్నప్పుడు నేను టీచరమ్మ వైపు చూశాను. తర్వాతి మాటే నన్ను తికమక పెట్టింది. ఎవరికీ చెప్పొద్దు, పోయి యాజకుడికి, అంటే ఆ కాలపు పూజారికి, చూపించుకుని, ఇవ్వాల్సిన కానుక ఇయ్యి అని పంపుతాడు. వాడు వినకుండా ఊరంతా చాటుతాడు. దానివల్ల యేసు ఊళ్ళోకి రాలేక బయటే ఉండిపోవాల్సి వస్తుంది. ఆ పాఠం అయ్యాకే టీచరమ్మ నన్ను, ఈ ఆదివారం కాక పై ఆదివారం మన చర్చిలో నిలబడి, దేవుడు నీ చేతులు ఎలా బాగుచేశాడో సాక్ష్యం చెప్పమ్మా అంది.

మా అత్తకు చదువు రాదు, కథలంటే ఇష్టం. ఆ సాయంకాలం ఇద్దరం కూర్చుని అనపకాయలు ఒలుస్తుంటే, ఈ వారం ఏం కథని అడిగింది. టీచరమ్మ ఇచ్చిన చిన్న పుస్తకం తెచ్చి చదివాను. ఆమె చేతులు ఆగిపోయాయి. పూజారి సంగతి మళ్ళీ చదవమంది. చదివాను.

"మీ సామే చెప్పినాడు కదమ్మా, పూజారికి చూపించి మొక్కు తీర్చుకోమని. నేను చెప్పేదీ అదే. ఇంగ నువ్వు యాల రానంటావు?"

నేను రానని ఎప్పుడూ అనలేదు. వస్తాననీ అనలేదు. ఆ యాజకుడు వేరు, ఆ గుడి వేరు అని చెప్పబోయాను. ఏం వేరని అడిగితే పుస్తకం మూసేశాను. ఆమె గెలిచినట్టు కూడా మాట్లాడలేదు. మళ్ళీ కాయలు ఒలుచుకుంది.

తర్వాతి బుధవారం ఆ ప్రశ్న టీచరమ్మ ముందు పెట్టాను. ఆమె కోప్పడలేదు. ఆ కాలంలో రోగం వచ్చినవాణ్ణి ఊరి బయట ఉంచేవాళ్ళనీ, యాజకుడు చూసి సరే అంటేనే మళ్ళీ ఇంటివాళ్ళతో కలవనిచ్చేవాళ్ళనీ చెప్పింది. బాగుచేసింది యాజకుడు కాదు, వాణ్ణి మళ్ళీ మనుషుల్లో చేర్చడానికే అక్కడికి పంపాడంది. ఆ జవాబు నాకు నచ్చింది. నచ్చాకే ఇంకా చిక్కు వచ్చింది. నా కంచం ఇంకా కిటికీ పక్కనే ఉంది. మొక్కు తీరితే గానీ మా అత్త దాన్ని తీయదని నాకు తెలుసు.

"మరి ఎవరికీ చెప్పొద్దన్నాడు కదా టీచరమ్మా. నన్ను చెప్పమంటున్నారే?"

ఒకామె అది అప్పటి జనం తొక్కిసలాట వల్ల అన్న మాట, మనకు కాదంది. ఇంకొకామె అలాగైతే ఏ మాట మనకు, ఏ మాట కాదు అంది. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నాకూ సరిగా తెలీదమ్మా. ఇన్నేళ్ళు చదివినాను, ఆ మాట దగ్గర నాకూ నిలిచిపోతాది" అంది.

శుక్రవారం నేను మా అత్తతో బస్సెక్కాను. వాళ్ళ పాత ఊళ్ళో అమ్మవారిది చిన్న గుడి, పైన రేకులు. పూజారి పొలంనుంచి కాళ్ళు కడుక్కుని వచ్చి తలుపు తీశాడు. మా అత్త నా రెండు చేతులూ పట్టుకుని ఆయన ముందు చాపించింది. ఆయన ఒకసారి చూసి, బాగుండాదిలే తల్లీ అని, వెండి చేతులు తీసుకుని అమ్మవారి పాదాల దగ్గర పెట్టాడు. దండం పెట్టాలా వద్దా అని నేను ఆలోచిస్తుండగానే హారతి అయిపోయింది. మా అత్త ఏడుస్తోంది. నా నుదుట కుంకుమ పెట్టింది. నేను తుడుచుకోలేదు. మనసులో యేసయ్యా అనుకున్నాను. అది క్షమాపణో, పిలుపో, అలవాటో నాకే తెలియలేదు. తిరుగు బస్సులో మా అత్త సీట్లో ఒరిగి నిద్రపోయింది. ఆ సాయంకాలం నా గ్లాసు అందరి గ్లాసుల మధ్య బోర్లించి ఉంది.

ఆదివారం చర్చిలో నిలబడ్డాను. తమక డాక్టరమ్మ మందిచ్చిందనీ, మా అత్త మొక్కుకుందనీ, టీచరమ్మ నా చేతులు పట్టుకుని ప్రార్థన చేసిందనీ, ఇప్పుడు చేతులు బాగున్నాయనీ చెప్పాను. నన్ను మొదట ముట్టుకున్నది యేసు పేరు చెప్పినవాళ్ళేననీ, అంతకంటే నాకు తెలియదనీ చెప్పి కూర్చున్నాను. తర్వాత పాస్టరుగారు పాట అందుకున్నారు. బయటికి వస్తుంటే ఒకామె, అమ్మవారి పేరెందుకు ఎత్తినావని నెమ్మదిగా అడిగింది. దాస్తే అబద్ధమవుతుందని అన్నాను. అది సాక్ష్యం కాదంది. కాదేమో. ఆమె ఇప్పుడు నాతో మాట్లాడుతుంది గానీ ముందులా నవ్వదు.

ఆ తర్వాతి వారం టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. ఆమెకూ మా అత్తకూ గొడవ అవుతుందని భయపడుతూ కాఫీ కలిపాను. వాళ్ళిద్దరూ మోకాళ్ళ నొప్పుల గురించీ, టాంకరు నీళ్ళు రాకపోవడం గురించీ మాట్లాడుకున్నారు. మా అత్త పితికిన అనపపప్పు గిన్నెలో పోసి ఇచ్చింది. టీచరమ్మ వద్దనకుండా తీసుకుంది.

గడప దాటాక ఆమె నన్ను పక్కకు పిలిచి, బాప్తిస్మం గురించి ఏమనుకుంటున్నావని అడిగింది. ఇంకా ఏమీ తేలలేదని చెప్పాను. తొందర లేదంది. బుధవారం ఇంటి పైకప్పు విప్పి రోగిని కిందికి దించిన కథ చదువుతామని చెప్పి, గిన్నె పట్టుకుని వెళ్ళిపోయింది.