మోకాలని చెప్పిన నొప్పి

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, మాదాపూర్‌లో అద్దాల మేడలకంటే బండరాళ్లే ఎక్కువగా కనిపించేవి. ఎక్కడో అమెరికాలో డాక్టర్లు తమ రోగుల గురించి టేపుల్లో చెప్పినదంతా చెవులకు ఫోన్లు తగిలించుకుని విని, ఇక్కడ టైపు చేసి పంపే ఆఫీసులో నేను ట్రైనింగులో చేరాను. మా అమ్మ మాత్రం అమలాపురంలో, "మావాడు కంప్యూటర్లో డాక్టరండి" అని ప్రచారం చేసింది (నేను ఖండించలేదు). ట్రైనింగు చివర ఒక పరీక్ష ఉండేది. గంటసేపు సీట్లోంచి లేవకుండా టైపు చెయ్యాలి. గట్టెక్కితే ఉద్యోగం, లేకపోతే తిరుగు బస్సు. డిగ్రీ చదివి చాలాకాలం ఖాళీగా తిరిగినవాణ్ణి, ఆ బస్సు ఎక్కే ధైర్యం నాకు లేదు. మనిషి ఒంట్లో ఉన్న ఎముకలన్నిటి పేర్లూ నిద్రలో లేపి అడిగినా ఇంగ్లీషులో అప్పజెప్పేవాణ్ణి. వాటిలో కొన్నిటిని తెలుగులో పలకాలంటే మాత్రం నాకు నోరు పెగిలేది కాదు.

పరీక్ష ఇంకా వారం ఉందనగా, కొత్త బూట్లు వేసుకుని, అప్పుడే తడిగుడ్డ పెట్టిన గ్రానైటు నేల మీద దర్జాగా నడుస్తూ లిఫ్టు ముందు జారి, కూర్చున్నట్టుగా నేలకు కొట్టుకున్నాను. వెన్నెముక చివర, పిరుదుల మధ్య, నిప్పు పెట్టినట్టయింది. మా టీమ్ లీడరు గోపన్‌పల్లి మనిషి, అందరికీ అన్న, పరుగెత్తుకొచ్చాడు. "యాడ తాకింది తమ్మీ?" అన్నాడు. అతని వెనకే నా పక్క సీటు కర్నూలు అమ్మాయి కంగారుగా నిలబడి ఉంది. ఆ అమ్మాయి ముందు ఆ చోటు పేరు ఎలా చెప్పను? "మోకాలండీ" అన్నాను. ఆ ఒక్క మాట నా కొంప ముంచింది.

ఎందుకంటే మోకాలు నొప్పి ఉన్నవాణ్ణి ఎవరూ నిలబడనివ్వరు. నాకేమో నిలబడితేనే ప్రాణం కాస్త కుదుటపడేది. టేపును నడిపే పెడలు కాలి కింద ఉంటుంది కాబట్టి, ఒంటికాలి మీద నిలబడి, రెండోకాలితో పెడలు తొక్కుతూ, బల్ల మీదికి వంగి టైపు చేసేవాణ్ణి. "నొప్పి పెట్టుకొని ఎందుకు నిలబడుకున్నావప్పా? కూర్చో" అని ఆ అమ్మాయి కసిరేది. అన్న అయితే ఒకడుగు ముందుకేసి స్టూలు తెచ్చాడు. "ఇగ కాలు దీని మీద పెట్టు, ఎనక్కి వాలి కూసో. ఫికర్ చెయ్యకు, నేను జూస్కుంట" అని స్వయంగా నా కాలు ఎత్తి పెట్టాడు. అలా వాలితే ఒంటి బరువంతా సరిగ్గా ఎక్కడ పడకూడదో అక్కడే పడేది. కళ్లలో నీళ్లు తిరిగేవి. అది చూసి అన్న మోకాలికి మందు రాయబోయేవాడు. అంత మంచి మనిషిని మోసం చేస్తున్నానని సిగ్గు, నిజం చెప్పాలంటే అంతకు మించిన సిగ్గు.

మాకు శరీరశాస్త్రం చెప్పే ఎముకల మేడమ్ (మేం పెట్టిన పేరే) ఆ శనివారం ప్లాస్టిక్ కటివలయాన్ని, అదే నడుము కింది ఎముకల చట్రాన్ని, బల్ల మీద పెట్టారు. "కూర్చున్నప్పుడు మన బరువు మోసేవి ఇదిగో, ఈ రెండు ఎముకల గుబ్బలు. పిరుదుల్లో ఉండే గ్లూటియస్ మాక్సిమస్ ఒంట్లోకెల్లా పెద్ద కండరం, మెత్తని దిండులా ఉంటుంది కదా, మనం కూర్చోగానే అది పక్కకు తప్పుకుంటుంది" అన్నారు. (ఆపదలో అలాగే తప్పుకునే మా బంధువులు కొందరు నాకు గుర్తొచ్చారు.) "వెనక్కి వాలితే భారం వెన్నెముకలో ఈ చివరి ముక్క మీదికి పోతుంది. బాబూ, నువ్వొచ్చి దీని పేరు చెప్పు."

లేచి వెళ్లాను. కాక్సిక్స్ అన్నాను.

"ఇక్కడ దెబ్బ తగిలినవాడు ఎలా కూర్చుంటాడో తెలుసా? ఇందాకటి నుంచి నువ్వు కూర్చున్నట్టు, ఒక పక్కకు ఒరిగి. ఎక్కడమ్మా నొప్పి?"

చెవులు కాలిపోతున్నాయి. తెలుగు మాట ఒక్కటీ రాలేదు. పగలంతా వింటున్న టేపుల్లో డాక్టర్ల గొంతే, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా, నా నోట్లోంచి వచ్చింది. "పేషెంట్ ఈజ్ ఎ ట్వెంటీ టూ ఇయర్ ఓల్డ్ మేల్, కామా, విత్ సివియర్ పెయిన్ ఓవర్ ది కాక్సిక్స్, పీరియడ్. న్యూ పారాగ్రాఫ్."

క్లాసు గొల్లుమంది. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న అన్న మాత్రం నవ్వలేదు. "అరె, మరి మోకాలని ఎందుకు జెప్పినవ్‌ర? ఇన్ని దినాలు కాలు ఎత్తిపెట్టి నిన్ను పరేషాన్ జేసిన గద!" అని తల పట్టుకున్నాడు. అతని మొహం చూస్తే నేల చీలితే బాగుండుననిపించింది. మేడమ్ ఎక్స్‌రే తీయించారు. విరగలేదు. ఇక నుంచి మధ్యలో ఖాళీ ఉండే మెత్త మీదే కూర్చోమన్నారు. సోమవారం పొద్దున్నే అన్న ఒక స్కూటర్ ట్యూబులో సగం గాలి కొట్టించి, తువ్వాలు చుట్టి తెచ్చాడు. లిఫ్టులో దాన్ని చంకలో పెట్టుకుని పైకి వెళ్తుంటే ఎవరి కళ్లలోకీ చూడలేకపోయాను. పరీక్ష రోజున దాని మీదే కూర్చుని గంటసేపూ కదలకుండా టైపు చేశాను. ఉద్యోగం ఖాయమైంది.

ఆ మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి నా కుర్చీలో ట్యూబు లేదు. కర్నూలు అమ్మాయి దాని మీద కూర్చుని, తల తిప్పకుండా కంప్యూటర్‌ను చూస్తూ, ఎవరికీ వినపడనంత నెమ్మదిగా అంది. "ఏమనుకోవద్దప్పా. రెండు నెలల నుంచీ నాకూ ఆడే నొప్పి. అందరికీ నడుమని చెప్పుకుంటా ఉండా."

ఎవరు వింటారని దాచానో ఆ మనిషి నా పక్కనే కూర్చుని అదే నొప్పిని నా నుంచి దాచుకుంది. అప్పుడు నవ్వొచ్చినా నవ్వలేదు. నాకు పూర్తిగా తగ్గిపోయిందని చెప్పి ట్యూబు ఆమెకే ఇచ్చేశాను. నిజానికి ఏం తగ్గలేదు, ఇంకో నెల ఒరిగే కూర్చున్నాను. ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుందో తెలీదు. చెవులు ఎర్రబడి, ఒక పక్కకు ఒరిగి, బాగానే ఉందని మళ్లీ అబద్ధమాడుతున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ సిగ్గేస్తుంది. కాస్త ముద్దుగానూ ఉంటాడు.